గడువు దాటిన కాగితం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం, శాస్త్రజ్ఞులం కాము. అయినా ఈ సభలో సైన్సు చదువు గురించే నాలుగు మాటలు చెప్పదలచాము. అందుకు కారణం మేము చేసిన ఒక పొరపాటు.

కొన్నేళ్ల కిందట, మా దగ్గర పదో తరగతి చదివి డిగ్రీలో బయోకెమిస్ట్రీ తీసుకున్న ఒక అమ్మాయి కాగితం పట్టుకొని వచ్చింది. "సార్, వేసవిలో రెండు నెలలు రీసెర్చి ల్యాబులో పని నేర్పిస్తారట. ఎందుకు చేరదలచామో ఇంగ్లీషులో రాసి పంపాలి. ఇది కొంచెం దిద్దిపెట్టండి" అన్నది. వేసవి ఇంకా చాలా దూరం ఉంది గదా అని, "తర్వాత చూద్దాం బేటా" అన్నాము. మాకు తీరిక చిక్కేసరికి గడువు దాటిపోయింది. ఆ బిడ్డ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. డిగ్రీ ముగిసింది, పెళ్లయింది. ఆ కాగితం మా మేజా సొరుగులో ఇప్పటికీ ఉన్నది.

సి.వి. రామన్ గారు 1934లో బెంగుళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని, ప్రయాగరాజ్‌లోని మరి రెండు సైన్సు అకాడమీలతో కలిసి ఈ వేసవి ఫెలోషిప్ నడుపుతున్నది. ఎంపికైన విద్యార్థి ఒక శాస్త్రజ్ఞుని దగ్గర రెండు నెలలు పని చేయాలి. భత్యం కూడా ఇస్తారు. కాని దరఖాస్తు వేసవికి ఎన్నో నెలల ముందే, అంతకు ముందటి సంవత్సరం చివరలోనే పడాలి. మన పిల్లలు మార్కులుండీ ఈ తేదీ తెలియక వెనకబడుతున్నారు.

తరువాత ఆ అమ్మాయి చెల్లెలు అదే చదువులో చేరింది. ఈసారి మేమే వాళ్లింటికి వెళ్లాము. "ఆడపిల్లను అంత దూరం ఎట్లా పంపేది సార్?" అన్నారు తండ్రి. హాస్టలు సంగతి, ఎవరి దగ్గర పని చేయాలో, అన్నీ కనుక్కొని చెప్పాము. చివరకు ఆయనే వెంట వెళ్లి, అన్నీ కళ్లారా చూసి, దిగబెట్టి వచ్చారు.

తిరిగొచ్చాక ఆ పిల్ల మా బడి పిల్లలకు తన పని వివరించింది. లీటరులో పది లక్షలవ వంతు మైక్రోలీటరు. అంతటి చుక్కను పిపెట్‌తో సరిగా కొలవడానికే మొదటి వారం పట్టిందట. పీసీఆర్ పద్ధతిలో డీఎన్ఏ ముక్క విడతకొకసారి రెట్టింపవుతుంది. మా పిల్లలు బోర్డు మీద లెక్క వేశారు: 30 విడతలకు ఒక్కటి 100 కోట్లు దాటింది! పక్కన ఒక గొట్టంలో మాత్రం డీఎన్ఏ కలపకుండా వట్టి నీళ్లు పోయాలి. అందులో ఏమీ కనపడగూడదు. ఈమెకు అందులోనూ గీత కనపడింది. అంటే ఎక్కడో కల్తీ జరిగింది. మూడు వారాల పని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. "ఏడుపొచ్చింది సార్. కాని నా తప్పు నేనే వెతికి పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నా" అన్నది. మేమైతే ఇన్నేళ్లుగా తప్పును ఎర్రసిరాతో కొట్టి ఊరుకుంటున్నాము.

మనవాళ్లకు ఇవన్నీ ఎందుకని అనేవారున్నారు. అలీగఢ్‌లో చదివిన ఒబైద్ సిద్దీఖీ గారు గ్లాస్గోలో పరిశోధన చేసి వచ్చి, 1962లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మాలిక్యులర్ బయాలజీ విభాగం ప్రారంభించారు. పండ్ల ఈగ రుచిని, వాసనను ఎట్లా గుర్తిస్తుందో శోధించారు. 2013లో కన్నుమూసే వరకు పని మానలేదు. ఇక హైదరాబాదులో సీసీఎంబీ 1977లోనే ఏర్పడింది. మన ఊళ్లో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి అక్కడుంటాము. దాని పేరు విన్న పిల్లలు మనలో ఎందరు?

సంఘానికి మా విన్నపాలు మూడు. ప్రతి సెప్టెంబరులో ఇటువంటి ఫెలోషిప్‌ల తేదీలు నోటీసు బోర్డు మీద పెట్టండి. వారానికొక సాయంత్రం పిల్లల దరఖాస్తులు దిద్దడానికి గది ఇవ్వండి; మేము వచ్చి కూర్చుంటాము. ఎంపికైన పేద పిల్లలకు ముందుగా రైలు చార్జీ సర్దండి. తల్లిదండ్రులకు ఒకటే మనవి: అబ్బాయిని పంపినట్టే అమ్మాయినీ పంపండి.

మా సొరుగులోని కాగితం పక్కన ఇంకొకటి చేరగూడదు.