డోలీ కర్ర దగ్గర దేవుడు

 

మేము గిరిజన హాస్టళ్లలో పిల్లల మధ్య ఉండేవాళ్లం. పెద్ద పిల్లలు మమ్మల్ని తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. "మేడం, పట్నంలో పెద్ద కూటాలకు వెళ్తే దేవుడు దగ్గరగా ఉన్నట్టు ఉంటుంది. ఊరికి వస్తే ఏమీ ఉండదు. ఎందుకని?" ఈ రోజు దీని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

లూకా సువార్త 24వ అధ్యాయం చూడండి. ఇద్దరు శిష్యులు యెరూషలేము నుంచి ఎమ్మాయు అనే ఊరికి నడిచి వెళ్తున్నారు. తిరిగి లేచిన యేసు వాళ్ల పక్కనే నడిచాడు, లేఖనాలు వివరించాడు. అయినా వాళ్లు పోల్చుకోలేదు. పొద్దు వాలిందని, తమ దగ్గర ఉండమని ఆయన్ని బతిమాలారు. భోజనం దగ్గర ఆయన రొట్టె విరిచి ఇచ్చినప్పుడే వాళ్ల కళ్లు తెరుచుకున్నాయి. దారిన కలిసిన మనిషిని ఇంట్లోకి పిలిచిన చోట ప్రభువును గుర్తుపట్టారు. ఇంటికి వచ్చినవాళ్లకు అంబలి పోయకుండా పంపని మన అమ్మమ్మలకు ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఫ్రాన్సు దేశంలో 17వ శతాబ్దంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన ఉండేవాడు. మొదట సైనికుడు, యుద్ధంలో గాయపడ్డాడు. తర్వాత పారిస్‌లో కార్మెలైట్ మఠంలో చేరితే వంటపని అప్పగించారు. ఆ పని ఆయనకు అసలు ఇష్టం లేదు. అయినా దేవుని కోసం చేస్తున్నానని అనుకుంటూ ఏళ్ల తరబడి చేశాడు. గుడిలో మోకరించినప్పుడు ఎంత దగ్గరో, గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుడు అంతే దగ్గరని తెలుసుకున్నాడు. 1691లో ఆయన చనిపోయాక ఆయన ఉత్తరాలు, మాటలు పుస్తకంగా వచ్చాయి. నేటికీ చదువుతున్నారు. ఆయన పాస్టరు కాదు, ప్రసంగికుడు కాదు. వంటవాడు.

ఇక మన కొండల సంగతి. రోడ్డు లేని ఊళ్లలో నిండు గర్భిణిని, జ్వరంతో ఉన్నవాళ్లను ఇప్పటికీ డోలీ కట్టి మోస్తున్నాం. మార్కు సువార్త 2వ అధ్యాయంలోనూ నలుగురు మనుషులు పక్షవాతం ఉన్నవాణ్ణి మోసుకొచ్చారు. జనం అడ్డొస్తే ఇంటి కప్పు విప్పి దించారు. యేసు ఎవరి విశ్వాసం చూశాడు? ఆ మోసినవాళ్ల విశ్వాసం చూశాడని రాసి ఉంది. వాళ్లు అక్కడ ఒక్క ప్రార్థన మాట పలికినట్టు లేదు. భుజాలు ఇచ్చారు, అంతే.

డోలీ కర్ర ఎత్తేటప్పుడు నువ్వు చర్చికి వెళ్తావా, ఇటుకల పండుగ చేస్తావా అని మన ఊళ్లో ఎవరూ అడగరు. ఆ ఐకమత్యాన్ని మతం పేరుతో పోగొట్టుకోవద్దు. మీ భుజం పక్కన భుజం పెట్టినవాడిలో దేవుని పని జరుగుతోందని గుర్తుపట్టండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. జ్వరం వస్తే ప్రార్థన చేయండి, అదే పూట రక్తపరీక్షకూ తీసుకెళ్లండి. మలేరియా మందు ఇచ్చే నర్సమ్మ చేతిలోనూ దేవుడు పని చేస్తాడు. ఆలస్యం చేస్తే పిల్లల ప్రాణం పోతుంది. రెండోది, డోలీ మోయడం గొప్ప సేవే గాని, అది రోడ్డుకు బదులు కాదు. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి పనులను ఆమోదించే అధికారం గ్రామసభకు ఉంది. చదువుకున్న మీరు సభలో కూర్చోండి, అర్జీ రాయండి. అదీ దేవుని పనే.

చివరిగా ఒక చిన్న అలవాటు చెబుతాం. రాత్రి పడుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ రోజు నాకు ఎవరు అన్నం పెట్టారు? ఎవరి బరువు నేను పంచుకున్నాను? పక్కనే ఉన్నా నేను పట్టించుకోనిది ఎవరిని? జవాబుగా వచ్చిన పేర్లు తలుచుకుని ప్రార్థన చేయండి. మూడో ప్రశ్నకు వచ్చిన పేరు గల మనిషిని మర్నాడు వెళ్లి పలకరించండి.

మీ ఊరి పాకలో జరిగే చిన్న ఆరాధనను తక్కువ చేయకండి.