స్పిట్‌ఫైర్‌కు రంగుల మరుగు

1940లో ఇంగ్లండు ఆకాశాన్ని కాచిన స్పిట్‌ఫైర్ విమానం రెక్కల చివర నుంచి చివరకు 11 మీటర్ల పైచిలుకు. 72వ వంతుకు కుదించిన ప్లాస్టిక్ నమూనాలో అది 16 సెంటీమీటర్ల లోపే.

పైనుంచి చూసే శత్రువుకు ఆ విమానం పొలాల్లో, చెట్లలో కలిసిపోవాలి. అందుకే పైభాగాన మట్టిరంగు, ముదురాకుపచ్చ మచ్చలు వేసేవారు. పొట్ట కింద మాత్రం ‘స్కై’ అనే లేత రంగు.

నమూనా మీద ఆ మచ్చలు వేయడానికి ఎయిర్‌బ్రష్‌ను మించిన సాధనం లేదని నా నమ్మకం. అది గాలి ఒత్తిడితో రంగును మంచు తుంపరలా చల్లుతుంది. రంగు పాలంత పలచగా ఉండాలి. చిక్కనైతే సన్నని ముక్కు మూసుకుపోతుంది, మరీ పలచనైతే నమూనా మీద పాకుతుంది. ఒత్తిడి 15 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి.

ముందు మట్టిరంగు. అది బాగా ఆరాక, గోడకు కాగితాలు అంటించే మెత్తని జిగురు ముద్దను సన్నని తాళ్లుగా పేని, మచ్చల అంచుల వెంట పరచండి. మట్టిరంగుగా మిగలాల్సిన చోట్లను టేపుతో కప్పి, ఆకుపచ్చను నిటారుగా చల్లండి. అసలు పనితనమంతా ఈ అంచులోనే! నిజమైన విమానం మీద 2 సెంటీమీటర్ల మసక అంచు ఈ నమూనా మీద 0.3 మిల్లీమీటర్లకు మించదు. అంతకన్నా వెడల్పైతే చూసే కన్ను దాన్ని బొమ్మగా పట్టేస్తుంది.

ఒక్క మనవి. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిటికీలు తెరిచి, రెస్పిరేటర్ మాస్కు పెట్టుకున్నాకే మీట నొక్కండి.