స్పాంజి చెప్పిన పాఠం



మేము బడిపంతుళ్ళం, వైద్యులం కాము. రెండేళ్ళ క్రితం మా ఎనిమిదో తరగతి అబ్బాయికి రక్త క్యాన్సర్ అని తేలింది. అతనికి ఎక్కిస్తున్న సైటారబిన్ అనే మందు దేంతో చేస్తారని తోటి పిల్లలు అడిగారు. జవాబు వెతుకుతూ సముద్రం అడుగుదాకా వెళ్ళాం.

స్పాంజి అనగానే మన పిల్లలకు తోచేది గిన్నెలు తోమే ముక్క. అసలు స్పాంజి ఒక జంతువు. కాళ్ళు లేవు, పళ్ళు లేవు. ఉన్నచోటే ఉండి నీళ్ళు వడకట్టుకుని బతుకుతుంది. పారిపోలేదు గనుక ఒంట్లోని రసాయనాలే దానికి కాపుదల. 1950ల మొదట్లో వెర్నర్ బెర్గ్‌మన్ అనే శాస్త్రవేత్త ఫ్లోరిడా తీరపు స్పాంజిలో వింత పదార్థాలు కనిపెట్టాడు. అవి డి.ఎన్.ఎ. ముక్కల్లాగే ఉంటాయి, లోపలి చక్కెర ఒక్కటే వేరు. ఆ తీరులోనే 1959లో ప్రయోగశాలలో సైటారబిన్ తయారైంది. 1969లో అమెరికాలో అనుమతి వచ్చింది.

గోడ కడుతున్న మేస్త్రీ చేతికి వంకర ఇటుక అందించినట్టు పనిచేస్తుందది. క్యాన్సర్ కణం దాన్ని డి.ఎన్.ఎ.లో పేర్చుకుంటుంది, ఆపైన వరస సాగదు.

జపాన్ వారిది మరీ విడ్డూరం. 1980లలో 600 కిలోల స్పాంజి నుంచి హాలికాండ్రిన్-బి అనే పదార్థం 12.5 మిల్లీగ్రాములు తీశారు! సముద్రమంతా ఊడ్చినా రోగులకు చాలదు. 1992లో హార్వర్డ్‌లో కిషి బృందం దాన్ని ప్రయోగశాలలోనే నిర్మించింది. అందులో సగం భాగంతోనే పని జరుగుతుందని తేలాక ఎరిబులిన్ అనే మందు వచ్చింది. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు 2010లో అనుమతి పొందింది.

ఇక మా అబ్బాయి సంగతి. మందు ఖరీదే పెద్ద కష్టమనుకుని చందాలు పోగుచేశాం. తీరా చూస్తే ఇబ్బంది వేరేచోట వచ్చింది. ఈ మందు మంచి కణాలను కూడా వదలదు. మూలుగ దెబ్బతిని ప్లేట్‌లెట్లు పడిపోతాయి. బయటినుంచి ఎక్కించాలి. వాటిని ఎక్కువ రోజులు నిలవ ఉంచలేరు, డబ్బిచ్చి ముందే కొనిపెట్టుకునే వస్తువు కాదు. వాళ్ళ అమ్మీ ఆసుపత్రి వరండాలో పడుకుంటే, తండ్రి రాత్రిళ్ళు దాతల కోసం తిరిగాడు. మా చేతిలో డబ్బుంది, ఫోన్ చేయడానికి నాలుగు పేర్లు లేవు. ఆ రాత్రులు మేము మరిచిపోలేం.

అబ్బాయి ఇప్పుడు పదో తరగతి, లెక్కల్లో ఎప్పటిలాగే వెనకే. సొసైటీవారు చందా రశీదు వెనక రక్తం గ్రూపు, ఫోన్ నంబరు రాసుకునే చోటు పెడితే బాగుంటుందని మా మనవి. మా ఉపాధ్యాయులం పద్నాలుగు మందిమి మా పేర్లు రాసి కార్యదర్శిగారికి ఇచ్చేశాం.