హోటలు వృత్తియందు యోగక్షేమములు
(వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



కార్యదర్శిగారు నన్ను విద్యావిషయమున మాటలాడుమని కోరిరి. ముప్పదియైదేండ్లు బడిలో సంస్కృతాంధ్రములు బోధించినవానికి అదియే తగిన విషయమని వారి యభిప్రాయము. కాని మన సభ్యుల పట్టికను తిరుగవేయగా హోటళ్ళు, మెస్సులు, టిఫిను సెంటర్లు, మిఠాయి దుకాణములు నడుపువారే పెక్కుమంది కనబడిరి. ఈ సంచికకు ప్రకటనలిచ్చి యచ్చు ఖర్చు భరించినవారును వారే. కావున వారి వృత్తిని గూర్చియే ముచ్చటింతునని చెప్పి, అనుమతి బడసి, విషయము మార్చుకొంటిని. నాకు పొయ్యి వెలిగించుటయైనను సరిగా రాదు. అయినను ఉద్యోగరీత్యా ఊరూర తిరిగి, సగము జీవితము హోటలు భోజనముతో గడపినవాడను గనుక నాకీ విషయమున కొంత యధికారము కలదని మనవి.

యోగక్షేమమను మాటను మనము ఉత్తరములలో ఊరక వ్రాయుచుందుము. లేనిదానిని పొందుట యోగము. పొందినదానిని కాపాడుకొనుట క్షేమము. ఇది భాష్యకారులు చెప్పిన యర్థము. హోటలు పెట్టువానికి పెట్టుబడి, అనుమతులు, పన్నుల జ్ఞానము మొదలైనవి యోగము. ఆ హోటలును నిలుపు చేతులను కాపాడుట క్షేమము. మనవారు యోగమునకై పడుచున్న పాటులో పదవవంతైనను క్షేమమునకై పడుట లేదని నా ఫిర్యాదు. దానిని దాచక చెప్పెదను, మన్నింపుడు.

ఈ వృత్తి మనకు క్రొత్త కాదు. క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీథులలో తిరిగి యొక పూటకూటి యింట భోజనము చేయుదురు. ఒక్క రూకకు ఏయే వంటకములు వడ్డించిరో కవి నోరూరునట్లు చెప్పినాడు. గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువాడు లేడు. కాని ఓరుగల్లులో ఆ పిండివంటలు వండినవా డెవడో, అతడు మంచము పట్టినప్పుడు ఎవరు గంజి పోసిరో కవి చెప్పలేదు. అది కావ్యవస్తువు కాదనుకొనెను కాబోలు.

శాస్త్రకారులు మాత్ర మీ విషయమును మరువలేదు. రాజకార్యమున మరణించినవాని భార్యాబిడ్డలకు భోజనమును వేతనమును ఇయ్యవలెనని కౌటిల్యుని యర్థశాస్త్రము విధించుచున్నది. నలువదియేండ్లు కొలిచిన భృత్యునికి పనిలేకయే జీవితాంతము సగము జీతమును, పనిచేయువారికి ఏటేట జీతములో ఎనిమిదవ వంతు బహుమానమును ఇయ్యవలెనని శుక్రనీతి చెప్పుచున్నది. శుక్రనీతి యంత ప్రాచీనము కాదని, ఇటీవలి కూర్పని పండితులలో వాదము కలదు. ఆ వాదము నిజమైనను ఆ మాట చెడ్డమాట కాదు.

ఇక నా కండ్లయెదుట జరిగినదానిని చెప్పెదను. ఊరి పేరును మనుష్యుల పేళ్ళును చెప్పను. ఈ సభలో వారిని ఎరిగినవారుండవచ్చును.

మా బడికి చేరువను మనవారి మెస్సొకటి కలదు. అందలి వంటవానిని అందరును మాస్టరనియే పిలుతురు. ఎవరైన "మాస్టరూ, సాంబారు!" అని కేక వేసినప్పుడు నేనును అతడును ఒక్కసారి తలయెత్తి చూచి నవ్వుకొనుట మా కలవాటు. అతడు మాత్రము నన్ను పంతులుగారనియే పిలుచును. పదునెనిమిదేండ్లుగా ఆ పొయ్యియొద్దనే యుండెను. అతని కుమార్తె యింటర్మీడియెటులో రెండవ భాషగా సంస్కృతము తీసికొని, సాయంకాలములందు మా యరుగుమీద శబ్దములు వల్లె వేయుచుండెను. తెలివిగల పిల్ల. రామశబ్దము రెండు దినములలో ఒప్పజెప్పినది.

రెండేండ్ల క్రిందట కార్తికమాసమున ఆ పిల్ల వారము దినములు రాలేదు. విచారింపగా, బజ్జీల బాణలి దించుచుండగా పట్టుగుడ్డ జారి, మరుగుచున్న నూనె తండ్రి కుడిచేతిమీదను తొడమీదను పడినదని తెలిసినది. యజమాని నిర్దయుడు కాడు. తానే ఆసుపత్రికి కొనిపోయి బిల్లు కట్టెను. రెండు నెలలు జీతమును ఇచ్చెను. కాని వేరొక వంటవానిని పెట్టుకొనక తప్పదు గదా! రెండు జీతములు మోయలేక మూడవనెలనుండి మానుకొనెను. వంటవానికి చేయి స్వాధీనమగుటకు ఐదు నెలలు పట్టెను. ఆ నడుమ అతని భార్య వేరొకచోట అంట్లు తోముటకు కుదిరినది. పిల్ల చదువు మాని బట్టలకొట్టులో చేరినది.

నే నొకనాడు భోజనానంతరము గల్లాపెట్టెయొద్ద కూర్చుండి యజమానితో ఈ ప్రస్తావన తెచ్చితిని. అతని దుకాణమున పనిచేయువారు పండ్రెండుగురు. రిజిస్టరులో నున్న పేళ్ళు తొమ్మిది. ఏల యనగా, అతడు తల గోకికొని, "పదిమంది అయితే ఇ.ఎస్.ఐ. కట్టాలండి పంతులుగారూ. డబ్బు సంగతి అటుంచండి, ఆ కాగితాలు రాసేదెవరు? నాకు లెక్కే సరిగా రాదు" అనెను. అతడు భయపడినది ధర్మమునకు కాదు, ధనవ్యయమునకును అంతగా కాదు, కాగితమునకు. ఆ రాత్రి ఇంటికి వచ్చి నేనే లెక్క వేసితిని. వినుడు.

ఇ.ఎస్.ఐ. యను కార్మిక బీమాకు 1948లో చట్టము చేసిరి. 1952 ఫిబ్రవరి 24వ తేదీన కాన్పూరు ఢిల్లీ నగరములలో అది ఆరంభమైనది. పదిమందియు అంతకు మించియు పనివారుగల దుకాణములకును, నెలకు 21,000 రూపాయలకు మించని జీతగాండ్రకును అది వర్తించును. 2019 జూలైనుండి యజమాని నూటికి 3.25 వంతులును, పనివాడు 0.75 వంతును చెల్లించుచున్నారు. మన వంటవాని జీతము 18,000. యజమాని కట్టవలసినది నెలకు 585 రూపాయలు, పనివాడు 135. పండ్రెండుగురికిని అదే జీతమనుకొన్నను యజమానికి నెలకు 7,020 రూపాయలే. ఆ మెస్సులో ఒక యాదివారము మధ్యాహ్నము గల్లాలో పడు సొమ్ములో అది సగమైనను కాదని యజమానియే యొప్పుకొనెను.

దానికి ఫలమేమి? పనిలో గాయపడినవానికి వైద్యము ఉచితము. అది గాక, చేయి కుదుటపడువరకు జీతములో నూటికి 90 వంతులు బీమా సంస్థయే చెల్లించును. మన వంటవానికి నెలకు 16,200 చొప్పున ఐదు నెలలకు 81,000 రూపాయలు వచ్చియుండెడివి. పిల్ల బట్టలకొట్టునకు పోవలసిన పని లేకపోయెడిది. సాధారణ జ్వరరోగములకైనను జీతములో 70 వంతుల చొప్పున ఏటికి 91 దినములవరకు కలదు. ప్రసవించు స్త్రీకి 26 వారములు కలదు. వడ్డనకును వంటకును స్త్రీలను పెట్టుకొనుచున్న యీ దినములలో ఇది మరువరానిది.

తొమ్మిదిపేళ్ళ రిజిస్టరు యజమానిని కాపాడునా యన్నచో, అదియును లేదు. బీమా లేనిచోట పనిలో గాయపడినవానికి నష్టపరిహారము యజమానియే స్వయముగ నిచ్చుకొనవలెనని 1923నుండియు చట్టము కలదు. వాయువుతో వండు హోటళ్ళ పనివారు అందులో చేరినవారే. అనగా 585 రూపాయలు మిగుల్చుకొన్నవాడు లక్షల ఋణము తలమీద పెట్టుకొన్నాడన్నమాట. మన వంటవాడు కోర్టుకు పోలేదు. పోవచ్చునని అతనికి తెలియదు. ఈ విధులన్నియు ఇప్పుడు 2020 సంవత్సరపు సామాజిక భద్రతా స్మృతిలో చేరి, 2025 నవంబరు 21నుండి అమలునకు వచ్చినవి. పదిమందికంటె తక్కువయున్నను, యజమానియు పనివారిలో పెక్కురును కోరినచో స్వచ్ఛందముగ చేరుటకు అందులో వీలున్నది. మువ్వురితో టిఫిను సెంటరు నడుపు మన సోదరులు ఈ మాటను చెవిని వేసికొనవలెను.

అంతవరకు పోలేనివారికి చౌకయైన దారియు కలదు. బ్యాంకులో ఖాతాగలవానికి ఏటికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమాయును, ఏబదియేండ్లలోపు చేరినవానికి 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమాయును దొరకును. రెండును కలిపి 456. ఒక్క చిక్కు కలదు. ఆ సొమ్మును మే నెల చివర బ్యాంకువారు ఖాతానుండి తామే తీసికొందురు. ఆనాడు ఖాతాలో నిలువ లేకున్న బీమా తెగును. జీతము నోట్లుగా తీసికొను పనివాని ఖాతాలో మే నెలలో ఏముండును? యజమాని ఆ నెలలో ఐదువందలు అతని ఖాతాలో వేయించిన చాలును. అది దానము కాదు, జాగ్రత్త.

యోగమును గూర్చి క్లుప్తముగ చెప్పెదను. మీరు నాకంటె ఎరిగినవారు. హామీ లేకుండ బ్యాంకులిచ్చు ముద్రా ఋణములు 2015లో ఆరంభమైనవి. చిన్నవానికి ఏబదివేలవరకు, పెరిగినవానికి పది లక్షలవరకు ఇచ్చుచుండిరి. మునుపటి ఋణము సరిగా తీర్చినవానికి 2024నుండి ఇరువది లక్షలవరకును ఇచ్చుచున్నారు. ఏటి అమ్మకము కోటిన్నర మించని హోటలువాడు కాంపొజిషను పద్ధతిలో నూటికి ఐదు వంతులు పన్ను కట్టి లెక్కల భారము తగ్గించుకొనవచ్చును. కాని అట్టివాడు ఆ పన్నును బిల్లులో వేసి భోక్తనుండి వసూలు చేయరాదు. మనవారిలో కొందరు రెండును చేయుచున్నారని వినికిడి. నేను బిల్లు చదువకుండ జేబులో వేసికొనువాడను కాను.

పనివారి విషయమున ఒక దృష్టాంతము. 1957 ప్రాంతమున కాఫీబోర్డువారు తమ కాఫీహౌసులను మూసివేయుచుండగా వందలకొలది పనివారు వీథిని పడిరి. ఏ.కె. గోపాలనుగారి ప్రోత్సాహమున వారు సహకార సంఘములుగ నేర్పడి, బెంగుళూరు, ఢిల్లీ, త్రిశూరు మొదలగుచోట్ల ఆ కాఫీహౌసులను తామే నడుపుకొనిరి. కప్పులు కడిగినవారు సంఘమునకు యజమానులైరి. మనము అంతదూరము పోవలెనని నేననుట లేదు. ఒక్కొక్కడు విడివిడిగా చేయలేనిది పదిమంది కూడి చేయవచ్చుననుటకు చెప్పితిని.

పనివారు మన కులమువారు కారు గదా, మన సంఘమున కేల యీ బాధ యని నిన్న విడిదిలో ఒక మిత్రుడు నన్నడిగెను. నిజమే, నేడు మన హోటళ్ళలో బల్లలు తుడుచు పిల్లలు ఒరిస్సానుండియు బెంగాలునుండియు వచ్చినవారు. నేను ప్రసంగించిన వంటవాడును మనవాడు కాడు. కాని మెస్సు పేరు నిలిపినది అతని సాంబారు. ఆ పేరుతో వచ్చిన చందాయే మన సంఘనిధిలో నున్నది. పైగా బీమాలో ఒకమారు చేరినవాని సంఖ్య మారదు; అతడు రేపు కటకమునకు పోయినను అది వెంటబోవును.

కావున నా మనవి. మన కల్యాణమండపముపై రెండవ యంతస్తు వేయుటకు ఈ యేడు తీర్మానము రానున్నదని విన్నాను. దానిని ఒక యేడు ఆపి, ఆ సొమ్ములో కొంతతో సంఘమున ఒక గుమాస్తాను నియమింపుడు. చిన్న హోటళ్ళ పనివారి పేళ్ళు చేర్చుట, నెలనెల కట్టుబడి చేయుట, పన్నుల కాగితములు పూరించుట, మే నెలలో పనివారి ఖాతాలు చూచుట అతని పని. హోటలుకు నెలకు కొంత రుసుము పెట్టినచో రెండవయేటికి అతని జీతము అతడే తెచ్చుకొనును. తీర్మానపు ముసాయిదాను వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చితిని. వ్యతిరేకించువారు వ్యతిరేకింపవచ్చును, కాని చదివి వ్యతిరేకింపుడు.

గుమాస్తా కుదురువరకు నేనున్నాను. నేటి భోజనానంతరము వంటశాల ప్రక్కగదిలో బల్లవేసికొని కూర్చుందును. రిజిస్టరులు తెచ్చుకొన్నవారు రావచ్చును. లేనివారు పనివారి పేళ్ళు నోటితో చెప్పినను వ్రాసికొందును. తొమ్మిదిమందినే కాక పండ్రెండుగురి పేళ్ళును చెప్పుడు. మా ఊరి మెస్సు యజమాని మొదటి పేరు వ్రాయించుటకు ఇప్పటికే వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు.