అపార్ట్‌మెంట్ లోపలి లైట్లు: ఎనర్జీ మోడల్‌లో ఎన్ని వాట్లు వేయాలి?

అమెరికా అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులకి లీడ్ సర్టిఫికేషన్ కోసం ఎనర్జీ మోడల్ చేసేవాళ్లు తడబడే చోటొకటి ఈరోజు చూద్దాం: ఫ్లాట్ లోపలి లైట్లు. కారిడార్, పార్కింగ్ సులువే. డ్రాయింగ్‌లో ఫిక్చర్లుంటాయి, లెక్కేస్తాం. కానీ అక్కడ చాలా బెడ్‌రూముల్లో సీలింగ్ లైటే ఉండదు. గోడకో స్విచ్, దానితో పనిచేసే ప్లగ్ పాయింట్, అంతే. ల్యాంపు అద్దెకొచ్చినవాళ్లే తెచ్చుకోవాలి. మన దగ్గర ట్యూబ్‌లైట్ లేని గది ఊహించగలమా!

మరి ఆ గదికెన్ని వాట్లు? "ఎలాగూ ఎల్ఈడీ పెట్టుకుంటారులే" అని తక్కువ వేస్తే, బిల్డర్ కొనని దీపానికి పాయింట్లు అడిగినట్టే. ఎనర్జీ స్టార్ మల్టీఫ్యామిలీ హైరైజ్ గైడ్‌లైన్స్‌లో లెక్క ఇలా ఉండేది: బిగించిన లైటు లేని గదికి చదరపు అడుగుకి 1.1 వాట్లు, బేస్‌లైన్‌లోనూ ప్రపోజ్డ్‌లోనూ. రోజుకి 2.34 గంటలు.

150 చదరపు అడుగుల గది తీసుకోండి. 165 వాట్లు, ఏడాదికి దాదాపు 141 యూనిట్లు. రెండువైపులా అదే, ఆదా సున్నా. అదే గదికి 30 వాట్ల ఎల్ఈడీ బిగిస్తే 26 యూనిట్లే. అలాంటి గదులు 200 ఉంటే 23,000 యూనిట్లు మిగులుతాయి. అయితే వెలుగు గదంతటికీ చాలాలి. మూలనో చిన్న లైటు పెట్టి గదంతా క్లెయిమ్ చేస్తే కుదరదు.

ఇంకోటి, లైట్ల వేడి తగ్గితే ఏసీ లోడు తగ్గుతుంది, చలికాలం హీటింగ్ కాస్త పెరుగుతుంది. అందుకే ఆదాని ఎక్సెల్‌లో విడిగా తీసేయకండి, మోడల్‌లోనే మార్చండి. ఆర్కిటెక్ట్‌తో డ్రాయింగులు ఫైనల్ కాకముందే మాట్లాడండి. వైరింగయ్యాక సీలింగ్ లైటు అడిగితే ఎవరూ వినరు.