నూలు కిలోకు పొగ ఎంత? ఆ లెక్క మనకూ తెలియాలి

(హోసూరులో జరిగిన స్పిన్నింగ్, గార్మెంట్ కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు. బర్గూరు, సూళగిరి, డెంకణీకోట నుంచి బస్సు పట్టుకొని వచ్చినవాళ్లు ఉన్నారు. అందుచేత ఎక్కువ సాగదీయను. జీతం, బోనస్ గురించి మాట్లాడతాననే మీరంతా వచ్చి ఉంటారు. దాని గురించే మాట్లాడతాను. కాని ఈసారి కొంచెం చుట్టు దారిలో వస్తాను.

ఈమధ్య మన మిల్లుల్లో కొత్త కాగితాలు తిరుగుతున్నాయి. ఫ్రేము ఎన్ని గంటలు తిరిగింది, ఎన్ని యూనిట్లు కాలింది, వేస్ట్ ఎన్ని కిలోలు, డీజిల్ ఎన్ని లీటర్లు అని షిఫ్టు షిఫ్టుకూ రాయమంటున్నారు. కుర్రవాళ్లు వచ్చి "ఇదేందన్నా?" అని అడుగుతున్నారు. మేస్త్రీని అడిగితే "పైనుంచి వచ్చింది, రాయి" అంటాడు. అది కార్బన్ లెక్క. బట్ట కొనే విదేశీ కంపెనీ, తాను అమ్మే ఒక్కొక్క చొక్కా తయారీలో ఎంత బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిందో తెలుసుకోవాలనుకుంటోంది. బొగ్గుపులుసు వాయువు అని మనం తెలుగు బడిలో చదువుకున్నదే. భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం అదే.

ఈ లెక్క వేసేది ఎలా? చేను దగ్గర మొదలుపెట్టాలి. పత్తికి వేసిన యూరియాలో కొంత నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువుగా మారుతుంది. అది బరువుకు బరువు చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 270 రెట్లు వేడి పెంచుతుంది. ఆ తరువాత జిన్నింగ్, లారీ, స్పిన్నింగ్, నేత, అద్దకం, కుట్టు, ఓడ, చివరికి కొన్నవాడి ఇంట్లో ఉతుకుడు. ఒక్కొక్క మెట్టు దగ్గర కలిసిన వాయువును కూడుకుంటూ పోవాలి. ఇష్టం వచ్చినట్టు కూడకూడదని 2018లో ఐ.ఎస్.ఓ. 14067 అనే ప్రమాణం కూడా వచ్చింది.

మన మెట్టు వరకు లెక్క మనమే వేసి చూద్దాం. యు.కె.జి. అంటే మీకు తెలుసు, కిలో నూలుకు ఎన్ని యూనిట్లు అని. మాటవరసకు నాలుగు అనుకుందాం. మన దేశంలో గ్రిడ్ కరెంటు ఒక యూనిట్ తయారు కావాలంటే సగటున సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మేట్టూరులో బొగ్గు కాలితేనే కదా మన స్పిండిల్ తిరిగేది! అంటే కిలో నూలుకు కరెంటు పద్దు కిందనే 2.8 కిలోలు. ఇక వేస్ట్ సంగతి. వంద కిలోల పత్తికి 85 కిలోల నూలు వస్తే, ప్రతి కిలో నూలూ 1.18 కిలోల పత్తి భారం మోస్తుంది. 75 కిలోలే వస్తే ఆ భారం 1.33 కిలోలు అవుతుంది. న్యూమాఫిల్ పెట్టెలో పడే దూది కూడా ఈ లెక్కలోకి వస్తుందని గుర్తుపెట్టుకోండి.

కొలిస్తే ఏం ఒరుగుతుందని కొందరు అడుగుతారు. ఇంగ్లండులో వాకర్స్ అనే కంపెనీ ఉర్లగడ్డ చిప్స్ అమ్ముతుంది. 2007లో తన పాకెట్ మీద 75 గ్రాములు అని కార్బన్ లెక్క అచ్చు వేసింది. ఆ లెక్క వేసేటప్పుడు ఒక సంగతి బయటపడింది. కంపెనీ ఉర్లగడ్డలను తూకం మీద కొంటున్నది. తూకం పెరిగితే డబ్బు పెరుగుతుంది గనుక రైతులు వాటిని తేమలో నిలవ ఉంచుతున్నారు. ఆ తేమను పోగొట్టడానికి కంపెనీ వేయించేటప్పుడు ఎక్కువ ఇంధనం తగలేస్తున్నది. తేమ ఎక్కించడానికి ఒకరి ఖర్చు, దించడానికి ఇంకొకరి ఖర్చు! తప్పు రైతుది కాదు, వేయించే కూలివాడిదీ కాదు. తప్పంతా కొనే పద్ధతిలో ఉంది. మొదటి నుంచి చివరిదాకా కలిపి లెక్క చూశారు గనుకనే అది కనిపించింది.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. మిల్లు పేరు చెప్పను. తొంభైల్లో నేను అక్కడ సైడర్‌ని. ఒక ఎండాకాలం కరెంటు బిల్లు తగ్గించాలని హ్యూమిడిఫికేషన్ ప్లాంటులో సగం ఫ్యాన్లు ఆపేశారు. మీటరు తగ్గింది, ఆఫీసులో సంతోషించారు. వారం తిరగకముందే షెడ్డులో తేమ పోయి దారం తెగుళ్లు పెరిగాయి. ఒక వైపు అతికేలోగా ఇంకో వైపు తెగేది. బోర్డు మీద ప్రొడక్షన్ దిగింది, వేస్ట్ సంచులు పెరిగాయి. ఒకనాటి మధ్యాహ్నం ఒక చెల్లెలు రెండు ఫ్రేముల మధ్య కళ్లు తిరిగి పడిపోయింది. ఆమెను బయటికి మోసుకొచ్చి నీళ్లు చల్లింది మేమే. ఆ నెల ఆమె జీతంలో సగం రోజు కోసేశారు. ఏం చేయాలో తెలియక మేమంతా నోరు మూసుకొని ఉన్నాం. ఆనాడు మీటరు ఒక్కటే కాకుండా, కిలో మంచి నూలుకు ఎంత కరెంటు, ఎంత వేస్ట్ అని లెక్క వేసి బల్ల మీద పెట్టగలిగి ఉంటే, ఫ్యాన్లు ఆపడం వల్ల మిల్లుకూ మేలు లేదని మేమే నిరూపించి ఉండేవాళ్లం. ఈ లెక్క మనం నేర్చుకోవాలని నేను పట్టుబట్టడానికి కారణం ఆ చెల్లెలే.

ఆ ప్రమాదం ఇప్పుడు కొత్త రూపంలో వస్తుంది. కార్బన్ తగ్గించాలి కాబట్టి ఫ్యాన్లు ఆపుతున్నాం, మనిషికి ఇంకో రెండు ఫ్రేములు ఇస్తున్నాం అనవచ్చు. మనం ఒప్పుకోవద్దు. 1948 ఫ్యాక్టరీల చట్టం షెడ్డులో గాలి, వేడి, తేమ గురించి చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా వాటిని సరిగా ఉంచే బాధ్యత యజమానిదేనని చెబుతోంది. మనుషులను ఉడకబెట్టి తగ్గించిన కార్బన్ తగ్గింపు కాదు.

మరి ఎక్కడ తగ్గించాలి? ఆదివారం మిల్లు ఆగినప్పుడు షెడ్డులో నిలబడి చెవి పెట్టండి. కంప్రెసర్ గాలి పైపుల్లోంచి బుస్సుమని వినిపిస్తుంది. మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి ఉంటే చాలు, సుమారు మూడు కిలోవాట్లు వృథా. రోజుకు 72 యూనిట్లు, అంటే 50 కిలోల బొగ్గుపులుసు వాయువు. ఏడాదికి 350 రోజులు వేసుకుంటే 25,200 యూనిట్లు. ఒక్క రంధ్రానికి ఇంత! దాన్ని మూయడానికి ఫిట్టరుకు అరగంట, ఒక వాషరు చాలు. అరిగిన స్పిండిల్ టేపులు, పాత మోటార్లు, మూసుకుపోయిన ఫిల్టర్లు, ఇవన్నీ అలాంటివే. ఇవి ఎక్కడ ఉన్నాయో ఆఫీసు కంప్యూటర్‌కు తెలియదు. మీకు తెలుసు.

రెండో దారి కరెంటు ఎక్కడినుంచి తెచ్చుకుంటామన్నది. ముప్పందల్ వైపు పోయినవాళ్లు గాలిమరలు చూసే ఉంటారు. వాటిలో చాలా భాగం స్పిన్నింగ్ మిల్లులవాళ్లు పెట్టినవే. కాంటినెంటల్ క్లోతింగ్ అనే ఇంగ్లండు కంపెనీ 2008 ప్రాంతంలో మన దేశపు పత్తితో, గాలిమరల కరెంటుతో ఇక్కడ టీ షర్టులు చేయించి, వాటికి కార్బన్ గుర్తు వేయించింది. మామూలు షర్టు కంటే కార్బన్ 90 శాతం తగ్గిందని ప్రకటించింది. మనిషి మీద పని భారం పెంచకుండానే లెక్క ఇంతగా మారవచ్చునన్నమాట.

గార్మెంట్ అక్కచెల్లెళ్లకు ఒక మాట. లీవైస్ కంపెనీ 2015లో తన ఒక జీన్సు ప్యాంటు జీవితకాలం లెక్క బయటపెట్టింది. మొత్తం సుమారు 33 కిలోలు. అందులో మూడో వంతుకు పైగా కొన్నవాళ్లు ఉతికి ఆరబెట్టుకోవడం దగ్గరే వచ్చింది. కత్తిరింపు, కుట్టు వాటా పదో వంతు కూడా లేదు. కార్బన్ పేరు చెప్పి మీ గంట టార్గెట్ పెంచాలని ఎవరైనా వస్తే ఈ లెక్క చూపించండి.

ఇంకో పుకారు తిరుగుతోంది. "యూరప్‌వాళ్లు కార్బన్ పన్ను వేశారు, అందుకే ఈ ఏడాది బోనస్ పెంచలేం" అని. జాగ్రత్తగా వినండి. యూరప్ సరిహద్దు కార్బన్ పన్ను 2026 జనవరి నుంచి అమలైన మాట నిజం. కాని అది ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు మీద. నూలు, బట్ట ఆ జాబితాలో లేవు. పక్క షెడ్డులో బోల్టులు చేసి యూరప్‌కు పంపేవాళ్లకు అది తగులుతుంది, మనకు కాదు. బట్టల మీద వస్తున్నది వేరే చట్టం. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన ఆ చట్టం కింద మునుముందు బట్టకు కూడా ఒక డిజిటల్ పాస్‌పోర్టు అడుగుతారు. అది పన్ను కాదు, వివరాలు చూపమనే నిబంధన. వివరాలు సరిగా ఉన్న మిల్లుకు ఆర్డర్లు నిలుస్తాయి. కొలవని మిల్లు పేరిట కొనేవాడు ఏదో సగటు అంకె వేసుకుంటాడు. అప్పుడు మనం ఎంత బాగా పనిచేసినా ఆ మంచి లెక్కలోకి రాదు. ఆర్డరు పోతే పోయేది మన పనే.

కాబట్టి నా మాట ఇది. కాగితం రాయనని మొండికెయ్యకండి, దొంగ లెక్క కూడా రాయకండి. సరిగా రాయండి, రాసినదానికి ఒక నకలు అడగండి. యూనియన్ తరఫున మూడు కోర్కెలు యాజమాన్యం ముందు పెడుతున్నాం. ఒకటి, కిలో నూలుకు కరెంటు, వేస్ట్, కార్బన్ అంకెలు నెలనెలా వర్క్స్ కమిటీలో చూపాలి, నోటీసు బోర్డు మీద తెలుగులో, తమిళంలో వేయాలి. బయటి రాష్ట్రాల పిల్లలున్న చోట వాళ్ల భాషలో కూడా వేయాలి. రెండు, వాటి పక్కనే షెడ్డులో వేడి, తేమ అంకెలు కూడా వేయాలి. వేడిని పెంచి చూపిన పొదుపును పొదుపుగా లెక్కించకూడదు. మూడు, కార్మికులు చూపిన లోపాలు సరిచేసి మిగిలిన కరెంటు డబ్బులో కార్మికులకు వాటా రావాలి. బోనస్ సంగతికి చుట్టు దారిలో వస్తానన్నాను, వచ్చాను.

వచ్చే ఆదివారం ప్రతి డిపార్టుమెంటు నుంచి ఇద్దరు యూనియన్ ఆఫీసుకు రండి. మీ షెడ్డులో గాలి కారే చోట్లు, పాడైన ఫిల్టర్లు, వేడి ఎక్కువగా ఉండే మూలలు రాసుకొని రండి. అన్నీ కలిపి ఒక పట్టీ తయారుచేసి చర్చలకు తీసుకుపోదాం. మన చేతిలో అంకెలు ఉన్న రోజు వాళ్లు మన మాటను తేలిగ్గా తోసిపుచ్చలేరు.

రాత్రి షిఫ్టు నుంచి వచ్చినవాళ్లు ముందు భోజనం చేసి, ఇంటికి పోయి నిద్రపొండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!