ఎవరి చెంబులో ఏమున్నది?
(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజుగారి పాల కోనేటి కథ మీకు తెలియనిది కాదు. రాత్రిపూట ఇంటికొక చెంబెడు పాలు తెచ్చి కోనేటిలో పోయమని రాజు చాటింపు వేయించాడు. అందరూ పాలే పోస్తారు గదా, నేనొక్కడినీ నీళ్లు పోస్తే ఎవరికి తెలుస్తుందని ప్రతివాడూ అనుకొన్నాడు. తెల్లవారి చూస్తే కోనేటి నిండా నీళ్లే! ఆ ఊళ్లో అందరూ దొంగలేనా? కాదు. ఎవరి చెంబులో ఏమున్నదో తెలియకపోవడమే అక్కడి లోపం.

శాస్త్రజ్ఞులు ఈ సంగతిని పరీక్షించి చూశారు. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మాన్ 1880ల దశకంలో మనుషుల చేత తాడు లాగించి, ఫలితాలను 1913లో ప్రచురించారు. ఒక్కడు లాగే బలాన్ని 100 అనుకొంటే, ఇద్దరు కలిసి లాగినప్పుడు మనిషికి 93 మాత్రమే వచ్చింది. ఎనిమిది మంది లాగినప్పుడు 49కి పడిపోయింది. అందరూ ఒక్క ఊపున లాగలేకపోవడం కొంత కారణం. అదొక్కటే కాదు. 1974లో అమెరికాలో కొందరికి కళ్లకు గంతలు కట్టి, వెనుక మరికొందరు లాగుతున్నారని నమ్మించారు. వెనుక ఎవరూ లేరు. అయినా పట్టు సడలింది. గుంపులో ఒళ్లు దాచుకోవడమంటే ఇదే. 1981లో జరిగిన మరో పరీక్షలో, ఎవరి గొంతు ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పినప్పుడు మనుషులు గుంపులో కూడా ఒంటరిగా అరిచినంత గట్టిగానే అరిచారు.

ఇక మన సంగతి. మేము పర్యవేక్షణకు వెళ్లే ఒక గ్రామంలో క్యాన్ల వెన్న శాతం వారం వారం తగ్గుతూ వచ్చింది. నీళ్లు కలుపుతున్నారని మేము సమావేశంలో అందరినీ కలిపి మందలించాము. సభ ముగిశాక ఒక పెద్దావిడ దగ్గరకు వచ్చి, "అయ్యా, నా గేదె చిక్కటి పాలిస్తుంది. పక్కింటి పల్చటి పాలకూ నా పాలకూ ఒకే ధర కడుతున్నారు. ఇక తవుడు ఎందుకు కొనాలి?" అన్నది. పుస్తకం తెప్పించి చూశాము. పరీక్షకు ఆమ్లం లేక టెస్టరు అందరికీ ఒకే అంకె వేస్తున్నాడు. ఆ ఆమ్లం సకాలంలో అందించవలసినది మేమే! తప్పు మా దగ్గర పెట్టుకొని సభ్యులను దొంగలన్నాము. మరుసటి సభలో ఆ మాట ఒప్పుకొన్నాము.

ఎవరి పాలు వారికే పరీక్షించి చీటీ ఇవ్వడం మొదలైన తర్వాత వెన్న మెల్లగా పెరిగింది. మాపై నమ్మకం కుదరడానికి మాత్రం అంతకంటె ఎక్కువ కాలం పట్టింది.

కాబట్టి మా మనవి ఇది. గెర్బర్ పరీక్ష కానీ, ఇప్పటి యంత్రం కానీ, ప్రతి పూటా మీ అంకెను మీ కళ్లతో చూడండి, చీటీ అడిగి తీసుకోండి. అది టెస్టరును అనుమానించడం కాదు, మీ హక్కు. వెన్న తగ్గినంత మాత్రాన పొరుగువారిపై నింద వేయకండి. చివరి ధారల్లో వెన్న ఎక్కువ. వాటిని దూడకు వదిలితే కేంద్రానికి వచ్చే పాలలో వెన్న తగ్గుతుంది. నీళ్ల సంగతి తేల్చాలంటే లాక్టోమీటరు కూడా చూడాలి.

ఏ యంత్రమూ కొలవని పనులు కూడా ఉన్నవి: క్యాన్లు కడగడం, కేంద్రం శుభ్రం చేయడం, సర్వసభ్య సమావేశానికి రావడం. "ఎవరో చేస్తారు" అనుకొన్న పని ఎవరూ చేయరు. పాలకవర్గం ఏ పని ఎవరిదో పేరుతో సహా గోడపై వ్రాయాలి. చేసినవారిని నలుగురిలో మెచ్చుకోవాలి.

మన సంఘం కోనేరు కాకూడదు. ఎవరి చెంబు ఎవరిదో తెలిసిననాడు అందరి చెంబుల్లోనూ పాలే ఉంటాయి.